బొమ్మ కింది బొమ్మ: స్కెచ్ వేరు, అండర్‌పెయింటింగ్ వేరు

తిరుపతిలో బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలు ఈమధ్య ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. ఫోన్‌లో చూసిన ఒక వీడియోలో చిత్రకారుడు ముఖమంతా ముందు పచ్చగా పూసి, దాని మీద ఒంటి రంగు వేశాడు. మరొక వీడియోలో బొమ్మ మొత్తం బూడిద రంగులో పూర్తి చేసి, పైన పలుచగా రంగులు పూశారు. ఇంకొకరు అడుగున ఏమీ వేయకుండా నేరుగా రంగులోకి దిగి గంటలో ముగించారు. ముగ్గురి బొమ్మలూ బాగున్నాయి. ఆ మూడు పద్ధతులనూ ఇంట్లో ప్రయత్నిస్తే మాత్రం రంగులు బురదలా తేలుతున్నాయి. వీటిలో ఏది సరైనది, అసలు స్కెచ్ వేసుకున్నాక మళ్ళీ ఈ అడుగు పూత, అంటే అండర్‌పెయింటింగ్, ఎందుకు అన్నది వాళ్ళ సందేహం.

ఈ గందరగోళంలో ఎక్కువ భాగం స్కెచ్‌నూ అండర్‌పెయింటింగ్‌నూ ఒకే పనికి రెండు పేర్లుగా అనుకోవడం వల్ల వస్తోంది. స్కెచ్ జవాబు చెప్పే ప్రశ్న ‘ఏది ఎక్కడ ఉంది?’ అన్నది. అండర్‌పెయింటింగ్ జవాబు చెప్పే ప్రశ్న ‘ఏది ఎంత వెలుగులో, ఎంత నీడలో ఉంది?’ అన్నది. మొదటి ప్రశ్నకు గీత చాలు. రెండోదానికి గీత పనికిరాదు, పూత కావాలి. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూస్తే పై మూడు వీడియోలలో ఎవరు ఏ ప్రశ్నకు ఎప్పుడు జవాబు వెతుక్కున్నారో తెలుస్తుంది.

ముందుగా మాటల సంగతి

క్యాన్వాస్ మీద మొట్టమొదట పడే పూత ప్రైమర్. అంగడిలో దొరికే క్యాన్వాస్‌కు తెల్లని జెస్సో పూసి ఉంటుంది కదా, అదే. రంగు గుడ్డలోకి ఇంకిపోకుండా, నూనె గుడ్డను తినేయకుండా అది కాపాడుతుంది. దీనికీ బొమ్మకూ సంబంధం లేదు. గోడకు సున్నం కొట్టడం లాంటి పని.

ఆ తెలుపును చంపడానికి క్యాన్వాస్ అంతటా ఒకే రంగును పలుచగా పూస్తే అది నేలరంగు. దీనిలోనూ ఇంకా బొమ్మ ఉండదు. తెల్లటి క్యాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, మధ్యస్థంగా ఉండే ఒక గోధుమ రంగో బూడిద రంగో ముందే పరుచుకుంటే కన్ను మోసపోదు.

నేలరంగు మీదనో, నేరుగా తెలుపు మీదనో బొగ్గుతో, పెన్సిల్‌తో, పలుచని రంగుతో గీసుకునే గీతలు అడుగు గీత. మనం మామూలుగా స్కెచ్ అని పిలిచేది ఇదే. కాకపోతే నోటుబుక్కులో సాధన కోసం వేసుకునే స్కెచ్ వేరు, రంగు కింద మునిగిపోవడానికే గీసే ఈ గీత వేరు. మొదటిదానికి అందం ఉండవచ్చు. రెండోదానికి కచ్చితత్వం ఉంటే చాలు.

గీతల తరువాత, అసలు రంగులకు ముందు, ఒకటి రెండు రంగులతోనే బొమ్మలోని వెలుగునీడలన్నిటినీ అమర్చుకోవడం అడుగు పూత, అంటే అండర్‌పెయింటింగ్. దాని మీద పారదర్శకంగా, కింది పూత కనిపించేలా పూసే పలుచని రంగు గ్లేజ్. అడుగు పూతలో బూడిద రంగు వాడితే గ్రిసాయ్ అనీ, పచ్చ వాడితే వెర్దాచో అనీ యూరప్ చిత్రకారుల పేర్లు ఉన్నాయి. పేర్లు తెలియకపోయినా పనికి లోటు రాదు.

గీతను పెద్దది చేయడం, గీతను అరువు తెచ్చుకోవడం

స్కెచ్‌లో కష్టం చేయి వణకడం కాదు, కొలత తప్పడం. 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ఉన్న ఫొటోను 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉన్న క్యాన్వాస్‌కు ఎక్కించాలని అనుకుందాం. రెండు వైపులా సరిగ్గా 6 రెట్లు పెరుగుతోంది కాబట్టి ఆకారం చెడదు. ఫొటో మీద అంగుళానికొక గీత గీస్తే 24 గళ్ళు వస్తాయి. క్యాన్వాస్ మీద 6 అంగుళాలకొక గీత గీస్తే అక్కడా 24 గళ్ళే. ఒక్కొక్క గడిలో గీత ఏ అంచును ఎక్కడ దాటుతోందో చూసుకుని గీసుకుంటూ పోతే ముక్కు, చెవి వాటి చోట్లలో పడతాయి. అదే క్యాన్వాస్ 24కు 30 అయితే ఈ లెక్క కుదరదు. ఫొటోలో పొడవును 5 అంగుళాలకు కత్తిరించుకుని 20 గళ్ళతో పని చేయాలి. ఇది చూసుకోకుండా గళ్ళను సాగదీసినందువల్లనే చాలా పోర్ట్రెయిట్లలో ముఖాలు పొడుగ్గా తేలుతుంటాయి.

గళ్ళు కాకుండా ప్రొజెక్టర్‌తో బొమ్మను క్యాన్వాస్ మీద వేసుకుని గీతలు దిద్దుకునేవాళ్ళూ ఉన్నారు. ఇది మోసమా కాదా అన్న వాదన పాతదే. 2001లో బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ, భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ ఫాల్కోతో కలిసి, యూరప్‌లో 15వ శతాబ్దం నుంచే చిత్రకారులు అద్దాలతోనూ కటకాలతోనూ బొమ్మను పడేసుకుని గీతలు తీసుకున్నారని వాదించినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఆ వాదానికి ముఖ్య ఉదాహరణలలో ఒకటి యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫీని దంపతుల చిత్రం. దాన్ని ఖండించినవాళ్ళు అదే చిత్రాన్ని ఎదురు సాక్ష్యంగా చూపారు. పరారుణ కిరణాలతో తీసిన చిత్రాలలో పై రంగు కింద ఉన్న గీతలు బయటపడ్డాయి. ఆ గీతల్లో చేతి స్థానాన్నీ పాదాల స్థానాన్నీ చిత్రకారుడు మార్చుకున్న జాడలు ఉన్నాయి. అద్దం పడేసిన బొమ్మను దిద్దుకునేవాడికి ఇన్ని సవరణలు ఎందుకు అన్నది వాళ్ళ ప్రశ్న. కొన్ని భాగాలకే పరికరం వాడి ఉండవచ్చు కదా అన్నది అవతలివాళ్ళ జవాబు. ఈ వివాదం పూర్తిగా తేలలేదు.

నా మటుకు నేను, పరికరం వాడటంలో తప్పు లేదనీ, అది ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుందనీ అనుకుంటాను. ప్రొజెక్టర్ ముక్కు అంచును చూపుతుంది. ముక్కు పక్కన నీడ ఎంత ముదురో, అది చెంపలోకి ఎంత మెల్లగా కరుగుతోందో చెప్పదు. గీతలు అన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ చదునుగా, పేపరు కత్తిరించి అంటించినట్టు ఉంటే లోపం రెండో ప్రశ్న దగ్గర ఉందని అర్థం.

శ్రీకాళహస్తి బట్ట మీద అడుగు పూత

ఈ విషయాన్ని మన చుట్టుపక్కల దొరికే ఉదాహరణతో చూడాలంటే శ్రీకాళహస్తి కలంకారీని మించినది లేదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ఊరిలో, స్వర్ణముఖి ఒడ్డున, చేతిలో కలం పట్టుకుని బట్ట మీద బొమ్మలు వేసే ఈ విద్య అడుగంటిపోతున్న దశలో 1950ల చివర శిక్షణ కేంద్రం వచ్చి మళ్ళీ నిలబడింది. ఈ కళలో పేరు పొందిన జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సాంప్రదాయ శిల్ప కళాశాలలోనూ కలంకారీ నేర్పుతారు.

ఇక్కడ బట్టకు ప్రైమర్ ఉండదు. మందపాటి కోర గుడ్డను ఉడికించి, ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెడతారు. ఆరిన బట్ట లేత పసుపు ఛాయలో ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి పాల వాసన వేస్తుంది. దాని మీద చింతపుల్లలను కాల్చి చేసుకున్న బొగ్గుతో తొలి గీతలు పడతాయి. ఆ బొగ్గు గీత చాలా మెత్తనిది. వేలితో దులిపితే పోతుంది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

తరువాత వచ్చేది కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరవేసి వడగట్టిన ద్రావణం అది. వెదురు పుల్ల కొనకు చుట్టిన గుడ్డలోనో ఉన్నిలోనో దాన్ని నింపుకుని, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీత లాగుతారు. ఒక పనివాడి పక్కన కూర్చుని దగ్గరగా చూశాను. కుండలో ఉన్నప్పుడు అది కాచిన టీ రంగులో, నీళ్ళలా ఉంది. బట్టను తాకిన చోట, కలం ఇంకా ముందుకు కదలకముందే, గీత కాటుకలా నల్లబడింది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, కసిమిలోని ఇనుము కలిసిన చోట నలుపు పుడుతుంది. నలుపు కుండలోనూ లేదు, బట్టలోనూ లేదు. రెండూ కలిసిన గీతలో ఉంది. పాలలోని కొవ్వు లేకపోతే ఆ గీత దారాల వెంట పాకిపోయి అంచు చెదిరేది. ఇక ఆ గీత ఉతికినా పోదు, దిద్దుకోవడానికి వీలుండదు.

ఎరుపు కావలసిన చోట జరిగే పని మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. కలంతో పటిక నీళ్ళను ఆ భాగాల మీద మాత్రమే పూస్తారు. పటిక నీటికి చెప్పుకోదగ్గ రంగు లేదు. ఆరాక పారే నీటిలో ఉతికి, మంజిష్ఠ వంటి వేళ్ళ రంగులో బట్టను మొత్తం ఉడికిస్తారు. బట్టంతా ఆ రంగులో మునిగినా, పటిక పడిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగిలినచోట ఉతుకులో చాలావరకు వదిలిపోతుంది. కంటికి దాదాపు కనిపించని అడుగు పూత పైన పడబోయే రంగు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తేల్చేసింది. అడుగు పూత అంటే తప్పనిసరిగా బూడిద రంగు బొమ్మ అనుకునేవాళ్ళకు ఈ పటిక నీళ్ళు చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కింద పొరలో మనం ఏ నిర్ణయం తీసుకోవాలి, దాన్ని ఎప్పటిదాకా మార్చుకోవచ్చు అన్నది ఆ పదార్థమే నిర్ణయిస్తుంది. నూనె రంగులలో తుడుచుకోవచ్చు. నీటి రంగులలో కొంతవరకు ఎత్తవచ్చు. కలంకారీలో బొగ్గు దశ దాటాక వెనక్కు రావడం లేదు.

ఇత్తడి పళ్ళెంలో తోతాపురి కాయ

ఇప్పుడు నూనె రంగులకు వద్దాం. జూన్‌లో చిత్తూరు పరిసరాల్లో ఏ రోడ్డు పక్కన చూసినా కుప్పలుగా కనిపించే తోతాపురి మామిడికాయ ఒకదాన్ని ఇత్తడి పళ్ళెంలో పెట్టి, ఎడమవైపు కిటికీ తెరిచి, మిగతావి మూసేద్దాం. కాయ తొడిమ దగ్గర ఎరుపు తిరిగింది, నడుమ పసుపు, చిలుక ముక్కు లాంటి కొన వైపు ఇంకా పచ్చ ఉంది.

కళ్ళు సగం మూసి చూస్తే రంగులు వెనక్కు తగ్గి వెలుగునీడలు ముందుకు వస్తాయి. వాటిని 5 మెట్లుగా పెట్టుకుందాం. 1 అంటే అన్నిటికన్నా తెలుపు, 5 అంటే అన్నిటికన్నా నలుపు. పళ్ళెం అంచు మీది మెరుపు 1. కాయ ఎడమ చెంప 2. వెనుక గోడ 3. కాయ కుడివైపు నీడ 4. కాయ అడుగున, పళ్ళేన్ని ఆనుకున్న సన్నని చీకటి 5.

బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌తో పలుచన చేసి క్యాన్వాస్ మొత్తం పూసి, అది తడిగా ఉండగానే పాత బనియన్ గుడ్డతో వెలుగు చోట్లను తుడుచుకుంటూ పోవచ్చు. పళ్ళెం మెరుపు దగ్గర గట్టిగా, కాయ చెంప దగ్గర సగం, గోడ దగ్గర తేలికగా తుడవాలి. నీడలో చేయి పెట్టకూడదు. 4, 5 మెట్ల కోసం చివర్లో కాస్త చిక్కటి అంబర్ పూస్తే చాలు. అరగంటలో గోధుమ రంగు ఫొటోలా ఒక బొమ్మ తేలుతుంది.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. తొడిమ దగ్గరి ఎరుపు వెలుగులోనే ఉంది. అయినా ఎరుపు సహజంగా పసుపుకన్నా ముదురు రంగు కాబట్టి, కళ్ళు సగం మూసి చూస్తే అది నీడలోని పసుపుతో దాదాపు సమానంగా కనిపిస్తుంది. అడుగు పూతలో దాన్ని 2గా వేయాలా, 4గా వేయాలా? అడుగు పూత కాంతిని మాత్రమే నమోదు చేయాలని కొందరు అంటారు. వాళ్ళ లెక్కన కాయ అంతా ఒకే రంగు మట్టితో చేసినట్టు ఊహించుకుని ఎరుపు చోట కూడా 2 వేయాలి. దాని సొంత ముదురుదనాన్ని పైన పడే ఎరుపు గ్లేజ్ తీసుకువస్తుంది. కనిపించిన ముదురును ఉన్నది ఉన్నట్టు వేయాలని మరికొందరు అంటారు. పైన మందపాటి రంగుతో కప్పేసేవాళ్ళకు ఇది సులువు, ఎందుకంటే అడుగు పూత వాళ్ళకు పటం లాంటిది, పైన దాన్ని అనుసరించి రంగు కలుపుకుంటారు. రెండూ సరైనవే. మొదటి పద్ధతిలో అడుగు పూత వేసి రెండో పద్ధతిలో పైన రంగు వేయడం, లేదా తలకిందులుగా చేయడం మాత్రం తప్పు. 4గా వేసిన ఎరుపు చోటు మీద మళ్ళీ ఎరుపు గ్లేజ్ వేస్తే అది 5 దాటిపోయి కాయకు దెబ్బ తగిలి కుళ్ళినట్టు కనిపిస్తుంది.

దీనిలోంచే ఇంకొక లెక్క వస్తుంది. గ్లేజ్ అనేది కింది పూతను ఎప్పుడూ ముదురు చేస్తుందే తప్ప లేత చేయదు. చివరికి 3 కావలసిన చోట అడుగున 2 ఉండాలి. గ్లేజ్‌లతో పని చేసే చిత్రకారుల అడుగు పూతలు పూర్తయిన బొమ్మకన్నా వెలిసిపోయినట్టు ఉండటానికి కారణం ఇదే. వీడియోలో ఇది కనిపించదు, ఎందుకంటే చూసేవాళ్ళు దాన్ని అసంపూర్ణంగా ఉందనుకుంటారు గాని కావాలని ఒక మెట్టు తగ్గించారనుకోరు.

బూడిదా, గోధుమా, పచ్చా?

అదే మామిడికాయకు గోధుమ బదులు నలుపు తెలుపులతో బూడిద అడుగు పూత వేసి పైన పసుపు గ్లేజ్ పూస్తే ఏమవుతుంది? నీడ పచ్చబడుతుంది. పసుపును నలుపుతో కలిపితే ఆలివ్ పచ్చ రావడం పాలెట్ మీద కలిపి చూసినవాళ్ళందరికీ తెలుసు. పొరలుగా పూసినా అదే జరుగుతుంది. పచ్చి కాయకు అది బాగుంటుంది, పండు కాయకు బాగుండదు. బొగ్గు స్కెచ్ మీద నేరుగా లేత పసుపు పెట్టినప్పుడు అది మురికి పచ్చగా మారడానికీ కారణం ఇదే. అందుకే స్కెచ్ అయ్యాక బొగ్గును మెత్తని గుడ్డతో దులిపేసి, మిగిలిన మసక గీతలను పలుచని అంబర్‌తో మళ్ళీ దిద్దుకోవడం మంచిదని చాలామంది అంటారు. స్ప్రే ఫిక్సెటివ్ కొట్టి బొగ్గును నిలబెట్టడం రెండో దారి.

పచ్చ అడుగు పూత సంగతి కొంచెం పొడుగు. ఇటలీలో చిత్రకారులు దేహ ఛాయ కింద పచ్చమట్టి రంగు పూసేవాళ్ళు. లండన్ నేషనల్ గ్యాలరీలో మైకలాంజెలో అసంపూర్తిగా వదిలేసిన మేరీమాత చిత్రం ఒకటి ఉంది. దానిలో ఎడమవైపు దేవదూతల ఒంటి మీద పై రంగు పడనే లేదు, ఆ పచ్చ అడుగు పూత ఈనాటికీ అలాగే కనిపిస్తుంది. పచ్చ, గులాబీ ఒకదానికొకటి ఎదురు రంగులు. గులాబీ ఛాయ ఒంటి రంగును పలుచగా పూసినప్పుడు, అక్కడక్కడా తొంగి చూసే పచ్చ ఆ గులాబీని అణిచి, చర్మం కింద నరాలున్న చల్లదనాన్ని తెస్తుంది. అంటే ఆ పచ్చ గులాబీ ఛాయ చర్మానికి తగిన లెక్క.

మన ముఖాలకు ఆ లెక్కను ఉన్నది ఉన్నట్టు దించుకోవచ్చా అన్నదాని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. గుడి వీధిలో పూలమ్మే ఒక అవ్వ ముఖాన్ని వేస్తున్నామనుకుందాం. ఆమె చామనఛాయలో ఎరుపూ పసుపూ రెండూ ఉన్నాయి. కొంచెం పచ్చ ఉన్న రా అంబర్‌తో అడుగు పూత వేస్తే నీడలు చల్లగా, వెలుగులు వెచ్చగా వస్తాయని కొందరంటారు. మన ఎండలో నీడల్లో కూడా వెచ్చదనం ఉంటుంది కాబట్టి బర్న్ట్ సియన్నా వంటి ఎర్రమట్టి రంగే నప్పుతుందని ఇంకొందరంటారు. అవ్వను ఎక్కడ కూర్చోబెట్టామన్నదాన్ని బట్టి రెండిటికీ చోటు ఉంది. ఉత్తరపు కిటికీ వెలుగులో నీడలు వెచ్చగానే కనిపిస్తాయి. నీలాకాశం కింద ఆరుబయట కూర్చుంటే నుదుటి కింద నీడలో ఆకాశపు నీలం చేరుతుంది.

దీనికన్నా ముఖ్యమైనది నేలరంగు. తెల్లని క్యాన్వాస్ మీద చామనఛాయను సరిగ్గా కలిపి పెట్టినా అది నల్లగా కనిపిస్తుంది. భయపడి తెలుపు కలుపుతారు. నాలుగు చోట్ల అలా కలిపేసరికి అవ్వ ముఖం సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. మన పోర్ట్రెయిట్లలో ముదురు ఛాయ మనుషులు ఇంత తరచుగా లేత ఛాయలోకి మారిపోవడానికి మనసులోని పక్షపాతం ఒక్కటే కారణం కాదు, తెల్లని క్యాన్వాస్ కూడా దానికి తోడ్పడుతోంది. ముందే 3వ మెట్టు దగ్గర గోధుమ నేలరంగు వేసుకుంటే, అవ్వ చెంప రంగు ఆ నేలకు దగ్గరగా పడుతుంది. తెలుపు ఆమె ముక్కుపుడక మెరుపుకూ, తల నెరుపుకూ మిగులుతుంది. ఆ ముఖానికి ఉన్న రంగును అలాగే నిలపడం ఆ మనిషికి మనం ఇవ్వవలసిన గౌరవమని నేను నమ్ముతాను.

ఏది ముందు ఆరాలి

అడుగు పూతల గురించి వినిపించే నియమాలన్నిటిలోనూ అభిప్రాయానికి చోటు లేనిది ఒకటే: నూనె తక్కువ ఉన్న పూత కింద, నూనె ఎక్కువ ఉన్న పూత పైన. నూనె రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు. లిన్సీడ్ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. నూనె ఎక్కువ ఉన్న పూత ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఆరాక కూడా కొంత సాగుతుంది. అది కింద ఉండి, పైన టర్పెంటైన్‌తో పలుచన చేసిన పూత ఉంటే, పైది ముందే బిగుసుకుంటుంది. కిందది ఇంకా కదులుతుంటే పైది పగుళ్ళు బారుతుంది.

అంబర్ రంగులను అడుగు పూతకు ఇంతగా వాడటానికి కారణం వాటి ఛాయ ఒక్కటే కాదు. వాటిలో ఉండే మాంగనీస్ నూనె త్వరగా ఆరేందుకు తోడ్పడుతుంది. ఐవరీ బ్లాక్ దీనికి వ్యతిరేకం, ఆలస్యంగా ఆరుతుంది. చిక్కని నల్లటి అడుగు పూత మీద తొందరపడి రంగు వేయడం ప్రమాదకరం.

చాలామంది ఇప్పుడు అడుగు పూతను అక్రిలిక్‌తో వేసి, పైన నూనె రంగులు వాడుతున్నారు. దీనిలో ఇబ్బంది లేదు. అక్రిలిక్ నీరు ఆవిరై ఆరుతుంది కాబట్టి తిరుపతి ఎండాకాలంలో, 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పాలెట్ మీదే నిమిషాల్లో బిగుస్తుంది. అడుగు పూతకు అది సౌకర్యం. తలకిందులుగా, అంటే నూనె మీద అక్రిలిక్ మాత్రం వేయకూడదు. నేర్చుకునే రోజుల్లో ఒక ముఖచిత్రం నూనె అడుగు పూత మీద వెలుగులు త్వరగా ముగించాలని అక్రిలిక్ తెలుపు వాడాను. ఆరు నెలలు చెక్కు చెదరలేదు. మరుసటి ఏడు నుదుటి మీద గోరంత పెచ్చు లేచింది. వేలు తగలగానే కనుబొమ దాకా చింతకాయ పెంకులా ఊడి వచ్చింది. కింద నూనె పూత చెక్కుచెదరకుండా, మెరుస్తూ ఉంది. ఆ మెరుపే అక్రిలిక్‌ను పట్టుకోనివ్వలేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో లెక్క మళ్ళీ మారుతుంది. తేమ, చల్లదనం, మూసిన తలుపుల మధ్య నూనె పూతలు మామూలుకన్నా నెమ్మదిగా ఆరతాయి. మేలో రెండు రోజుల్లో ముట్టుకోగలిగిన అంబర్ పూతకు నవంబరులో ఇంకా కొన్ని రోజులు ఇవ్వాలి.

అసలు ఇది అవసరమా?

అడుగు పూత లేకుండా ఒకే విడతలో, తడి మీద తడిగా వేసి ముగించే పద్ధతికీ పెద్ద సంప్రదాయమే ఉంది. ఆరుబయట మారిపోయే వెలుగును పట్టుకోవాలనుకున్న ఫ్రెంచ్ ఇంప్రెషనిస్టులు పొరలు ఆరేదాకా ఆగే తీరికను వదులుకున్నారు. రంగునూ వెలుగునూ విడదీయడమే పొరపాటు, కన్ను వాటిని కలిపే చూస్తుంది అని ఈ పక్షం వాదన. బూడిదలో అన్నీ నిర్ణయించుకున్నాక పైన వేసే రంగు అద్దకంలా తేలిపోతుందన్నది వాళ్ళ రెండో అభ్యంతరం. ఇది నిజంగానే జరుగుతుంది. టాబ్లెట్ మీద బొమ్మలు వేసేవాళ్ళు నలుపు తెలుపు లేయర్ మీద రంగు లేయర్ పరిచినప్పుడు నీడలన్నీ ఒకే మురికి ఛాయలోకి పోవడం ఇందుకే. వెలుగులోంచి నీడలోకి వెళ్ళేటప్పుడు రంగు ముదరడమే కాదు, మారుతుంది కూడా. ఆ మార్పును పైన విడిగా చేర్చకపోతే అడుగు పూత ఉపకారానికి బదులు అపకారం చేస్తుంది.

అవతలి పక్షం చెప్పేది ఏమిటంటే, ఒకేసారి ఆకారం, వెలుగు, రంగు, అంచు అన్నీ చూసుకోగలిగే కన్ను ఏళ్ళ సాధన తరువాత గాని రాదు. కష్టాన్ని విడదీసి ఒక్కొక్కటిగా తీర్చుకోవడంలో తప్పేముంది అని. 1481లో మొదలుపెట్టి లియోనార్డో డా విన్సీ వదిలేసిన ముగ్గురు జ్ఞానుల ఆరాధన చిత్రం ఫ్లోరెన్స్‌లో ఇప్పటికీ గోధుమ అడుగు పూతగానే ఉంది. అంతటి చేయి కూడా డజన్ల కొద్దీ మనుషులున్న గుంపును రంగులోకి దించే ముందు వెలుగునీడలలో సర్దుకుంది. ఒక్క కాయో, ఒక్క చెట్టో అయితే ఆ కాలంలోనూ ఇంత కసరత్తు అక్కర్లేకపోయేదేమో. బొమ్మలో ఎన్ని వస్తువులు ఒకదాని వెలుగు మీద ఒకటి ఆధారపడుతున్నాయో అంతగా అడుగు పూత అవసరం పెరుగుతుందని నా అనుభవం.

నీటి రంగులలో ఈ చర్చకు చోటు తక్కువ. అక్కడ వెలుగు కాగితపు తెలుపే. ఒకసారి కప్పితే పూర్తిగా తిరిగి రాదు. పలుచని బూడిద వాష్‌తో నీడలు ముందు వేసుకుని పైన రంగులు అద్దే పాత పద్ధతి ఒకటి ఉంది గాని, దానికి మొదటి వాష్ పూర్తిగా ఆరి ఉండాలి, రెండోసారి కుంచె ఒక్కసారే తాకి లేవాలి.

రెండు పక్షాలూ కలిసే చోటు ఒకటి ఉంది. కపిలతీర్థం వైపు నుంచి సాయంత్రం శేషాచలం కొండను చూస్తే పై అంచున రాతి గోడ ఎర్రగా వెలుగుతూ ఉంటుంది, దాని కింద అడవి ముదురు పచ్చగా ఉంటుంది. క్యాన్వాస్ అంతటా పలుచని బర్న్ట్ సియన్నా పూసి, కొండ అంచును మాత్రం గీసుకుని, ఆరాక ఒకే విడతలో పచ్చలు పెట్టుకుంటూ పోవచ్చు. ఇక్కడ వెలుగునీడల బొమ్మ అడుగున లేదు, కాబట్టి దీన్ని పూర్తి అండర్‌పెయింటింగ్ అనలేం. పూర్తిగా నేరుగా వేసిందీ కాదు. కుంచె మొత్తం కప్పకుండా వదిలిన చోట్ల, ఆకుల సందుల్లో, కింది ఎరుపు అక్కడక్కడా మిగిలిపోతుంది. పచ్చ పక్కన ఆ ఎరుపు కదులుతున్నట్టు కనిపిస్తుంది. పైన రాతి గోడ దగ్గరకు వచ్చేసరికి రంగు కొత్తగా వేయనక్కర్లేదు. ఆకాశాన్ని దాని అంచు దాకా తెచ్చి ఆపి, నీడ పగుళ్ళు నాలుగు పెడితే, మొదటి రోజు పూసిన సియన్నాయే కొండ రాయి అవుతుంది.